కోరంగి రేవు, ఇంగ్లీషు నిఘంటువు



ఆస్ట్రేలియా తూర్పు తీరపు ఊళ్లలో పెరడున్న ఇళ్లవాళ్లు తరచూ ఒక ఫిర్యాదు చేస్తుంటారు. తెల్లవారి లేచి చూసేసరికి పచ్చిక నిండా చిన్న చిన్న గుంటలుంటాయి, గరాటుతో గుచ్చినట్టు. రాత్రి బాండికూట్ వచ్చి పోయిందంటారు. పొడుగు మూతి, కుందేలంత ఒళ్లు, కంగారూకు ఉన్నట్టే పిల్లల్ని మోసే సంచి. ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. తవ్విన మన్ను పిల్లల మీద పడదన్నమాట. ఆ జంతువు మన దేశంలో ఎక్కడా లేదు. దాని పేరు మాత్రం మనం పెట్టిన పేరే. పందికొక్కు.

ఇంగ్లీషులోకి నేరుగా తెలుగు నుంచి వెళ్లిన మాటలు తక్కువ. వాటిలో ఏ సందేహానికీ తావు లేనిది ఈ పందికొక్కు. 18వ శతాబ్దం చివరికల్లా మద్రాసు వైపు కొలువు చేసిన ఇంగ్లీషువాళ్ల రాతల్లో కనిపిస్తుంది. బస్తాలు కొరికేసి, గోడల పునాదుల కింద బొరియలు తవ్వి, పిల్లికి కూడా బెదరని ఇంతింత ఎలుకలు వాళ్ల దేశంలో లేవు. ఊళ్లోవాళ్లు ఏ పేరుతో పిలుస్తుంటే ఆ పేరే తమ నాలుక తిరిగినట్టు పలికారు. ఆ తరవాత కొద్దికాలానికే అదే జాతి మనుషులు ఆస్ట్రేలియాలో వలస ఊళ్లు కట్టారు. అక్కడ నేల తవ్వుకు తినే పొడుగు మూతి జంతువు కనబడితే ఇండియాలో నేర్చుకున్న పేరు దానికి తగిలించారు. ఈ రెండు జంతువులకూ ఏ చుట్టరికమూ లేదు. ఒకటి ఎలుక, ఇంకొకటి సంచిజంతువు. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే జంతుశాస్త్రవేత్త మన అసలు పందికొక్కుల ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టాడు. లాటిన్ వేషం వేసుకున్న ఆ తెలుగు పేరు ఇప్పటికీ ప్రపంచమంతటా జంతుశాస్త్రంలో వాడుకలో ఉంది.

ఆస్ట్రేలియా ఇంగ్లీషులో ఆ మాట క్రియ కూడా అయింది. బంగాళదుంపల చేలో పైన ఆకు కదలకుండా, కింద దుంపలు మాత్రం చేత్తో తవ్వుకుపోవడాన్ని అక్కడ బాండికూట్ చేయడం అంటారు. గట్టు మీద నిలబడి చూసే రైతుకు చేను పచ్చగానే కనిపిస్తుంది, దుంపలు మాత్రం ఉండవు. వరికోతలయ్యాక గట్ల వెంట పందికొక్కు బొరియలు తవ్వి, లోపల దాచుకున్న వరివెన్నుల్ని బుట్టకెత్తుకోవడం మన పల్లెల్లో చూసినవాళ్లకు ఈ క్రియ ఎంత చక్కగా అతికిందో వేరే చెప్పనక్కర్లేదు. పేరుతోపాటు దొంగబుద్ధి కూడా ఓడెక్కి సముద్రం దాటిందనిపిస్తుంది.

ఇందులో మనసు కలుక్కుమనే సంగతి కూడా ఉంది. ఆ నేలలో వేల ఏళ్లుగా ఉంటున్న జనానికి ఆ జంతువుల పేర్లు తెలుసు. నైరుతి ఆస్ట్రేలియాలోని నూంగార్ ప్రజలు వాటిలో ఒక రకాన్ని క్వెండా అంటారు. వచ్చినవాళ్లు చాలాచోట్ల ఆ పేర్లు అడగలేదు. కృష్ణా గోదావరి పొలాల్లో తిరిగే ఎలుక పేరు అక్కడి జంతువు మీద పడి, అక్కడి పేరు మరుగున పడింది.

ఒక భాషలోకి పరాయి మాట వచ్చిందంటే, ఎక్కడో రెండు రకాల మనుషులు ఎదురుపడ్డారని అర్థం. ఏ రేవులో ఎదురుపడ్డారు, తక్కెడ ఎవరి చేతిలో ఉంది, తుపాకి ఎవరి చేతిలో ఉంది, మధ్యలో మాట కలిపిందెవరు, ఇవన్నీ ఆ మాటను అంటిపెట్టుకుని ఉంటాయి. మన కోరమాండల్ తీరం చరిత్ర కొంత శాసనాల్లో ఉంది, కొంత కైఫీయతుల్లో ఉంది, ఇంకొంత ఇంగ్లీషు నిఘంటువులో ఉంది. ఆ మూడోదాని గురించి ఈ పూట చెబుతాను.

ఇంగ్లీషుకు అరువు అలవాటే. ఉత్తరాది నుంచి వచ్చిన డేన్లు, నార్వేవాళ్ల దగ్గర స్కై, ఎగ్ వంటి మాటలే కాదు, దే అనే సర్వనామాన్ని కూడా తీసుకుంది. ఎవరి సర్వనామాలు వాళ్లవిగా ఉంచుకోవడం భాషల రివాజు. దాన్ని కూడా వదులుకున్న భాష ఇది. 1066లో నార్మన్లు గెలిచాక కోర్టు, జడ్జి, ప్రిజన్ వంటి మాటలు ఫ్రెంచి నుంచి వచ్చిపడ్డాయి. ఇక ఇండియా నుంచి వెళ్లిన షాంపూ, పైజమా, బంగళా, లూటీ సంగతి మీరు వినే ఉంటారు. వాటి దగ్గర ఆగను.

1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మన తీరానికి వచ్చింది. దాని నాయకుడు ఆంథొనీ హిప్పన్. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొఠీ మొదలైంది అప్పుడే. వాళ్లు వచ్చింది గుడ్డల కోసం. ఆ గుడ్డలే వాళ్లకు కావలసిన మిరియాలు, లవంగాలు జావా, సుమత్రా దీవుల్లో కొనడానికి నాణెంలా పనికొచ్చేవి. కాబట్టి మొదట వాళ్ల పుస్తకాల్లోకి ఎక్కిన మాటలు సరుకుల మాటలు, రేవు మాటలు.

గోడౌన్ చూడండి. ఇంగ్లీషువాళ్లకు, పోర్చుగీసువాళ్లకు ఈ మాట మలయా వైపు రేవుల్లో తగిలింది. మలయ్ భాషలో గుదాంగ్ అంటే సరుకు దాచే కట్టడం. మరి మలయ్ వాళ్లకు ఎక్కడిది? మన తీరం వర్తకుల దగ్గర విన్నదే అయి ఉంటుందని నిఘంటుకారులు తెలుగు గిడ్డంగిని, తమిళ కిడంగును చూపిస్తారు. ఇంగ్లీషువాళ్ల రాకకు ఎన్నో శతాబ్దాల ముందే మన ఓడలు ఆ దీవులకు వెళ్లేవి గనక ఈ దారి నమ్మదగిందే. ఇప్పుడు మనం గిడ్డంగి అని వ్యవసాయ మార్కెట్ బోర్డు మీద రాస్తాం, మాటల్లో గోడౌన్ అంటాం, గోదాము అని కూడా అంటాం. తూర్పు సముద్రాలు చుట్టి వేషం మార్చుకుని వచ్చిన కొడుకును గుర్తుపట్టలేక, వాడి అన్న పక్కనే కొత్త చుట్టంలా కూర్చోబెట్టుకున్నాం.

చింట్జ్ అనే మాటకు ఇంతకన్నా పెద్ద కథ ఉంది. హిందుస్తానీలో ఛీంట్ అంటే చుక్కలద్దిన గుడ్డ. ఇంగ్లీషు వర్తకులు బహువచనంలో చింట్స్ అని రాసేవాళ్లు. చదివేవాళ్లు అదే ఏకవచనం అనుకున్నారు. చివరి అక్షరం కూడా కాలక్రమాన మారి ఇప్పటి రూపం స్థిరపడింది. మాట ఉత్తరాది మాటే గాని, ఐరోపాను వెర్రెత్తించిన ఆ గుడ్డల్లో మేలురకం తయారైంది మచిలీపట్నం, నిజాంపట్నం చుట్టుపక్కల. ఆ పని ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి.

నేత గుడ్డను కరక్కాయ రసంలో, గేదెపాలలో నానబెట్టి ఎండబెట్టేవారు. పాల కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. వెదురు కలానికి ఉన్నిగుడ్డ చుట్టి, వేళ్లతో నొక్కుతూ నల్లగీత గీసేవారు. ఆ నలుపు ఇనప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసింది. ఎరుపు కావలసిన చోట పటికనీళ్లు రాసి, తరవాత గుడ్డ మొత్తాన్ని చిరివేరు వేసి మరిగించేవారు. పటిక ఉన్నచోటే ఎరుపు పట్టి, మిగతాది ఉతుకుల్లో పోయేది. చిరివేరు తీరం ఇసక నేలల్లో పెరిగే సన్నని మొక్క వేరు. ఆ వేరు పేరు కూడా తమిళ రూపంలో, చే అని, ఇంగ్లీషు నిఘంటువులో ఉంది. ఎన్ని ఉతుకులకైనా రంగు పోని అద్దకం గుడ్డను ఐరోపా అంతవరకూ చూడలేదు. ఎండలో ఆరేసి మళ్లీ ఉతికిన కొద్దీ ఎరుపు ఇంకా తేటపడుతుంటే వాళ్లకది మంత్రంలా కనిపించింది.

ఆ మంత్రం అక్కడి నేతగాళ్ల పొట్ట కొట్టింది. 1700లో ఇంగ్లండు పార్లమెంటు తూర్పు దేశాల అద్దకం గుడ్డల దిగుమతిని నిషేధించింది. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో అద్దకం గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి గుడ్డలు చించారు. 1721లో వాటిని కట్టుకోవడమే నేరం చేశారు. ఆ తరవాత యంత్రాలొచ్చాయి. మాంచెస్టర్ యంత్రం ఒక్కరోజులో మైళ్లకొద్దీ గుడ్డ అచ్చుగుద్ది పడేసేసరికి, పేరు అదే ఉండిపోయి గుడ్డ మారిపోయింది. 1851లో నవలాకారిణి జార్జ్ ఎలియట్ ఒక ఉత్తరంలో చింట్జీ అనే విశేషణం వాడింది. చూపుకు చవకగా ఉందని దాని భావం. ఇప్పటి ఇంగ్లీషులో ఆ మాటకు స్థిరపడిన అర్థం అదే, చవకబారు. కలం పట్టి నెలల తరబడి ఒక్కో గుడ్డ మీద కూర్చున్న మచిలీపట్నం పనివాడికి జరిగిన అన్యాయాల్లో ఇది చిన్నదే కావచ్చు, కానీ ఇంకా సరిదిద్దనిది. పెడనలో ఈనాటికీ అచ్చులు చెక్కి, అద్దకం వేసి బతుకుతున్న కుటుంబాలున్నాయి.

ఇంత వ్యాపారం మనతో జరిగితే ఇంగ్లీషులో తెలుగు మాటలు ఇంత తక్కువెందుకున్నాయని మీరడగవచ్చు. కారణం మధ్యవర్తి భాష. 1498లో పోర్చుగీసువాళ్లు దిగింది అటు మలబారు తీరాన. అందుకే మ్యాంగో, టీక్, కాయిర్, బీటెల్ అన్నీ మలయాళం వైపు నుంచి పోర్చుగీసు మీదుగా ఇంగ్లీషుకు చేరాయి. మామిడి మనకూ ఉంది, టేకు మనకూ ఉంది, అయినా ముందు చేరినవాడి పలుకు నిలిచింది. ఇంగ్లీషువాళ్లు వచ్చేనాటికి రేవుల్లో అందరికీ తెలిసిన బేరసారాల భాష పోర్చుగీసు. 1698లో కంపెనీకి ఇచ్చిన సన్నదులో, ఇక్కడికి వచ్చే చర్చి గురువులు ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకోవాలని షరతు పెట్టారంటే చూడండి. మన భాష నేర్చుకోవలసిన అవసరం వాళ్లకు చాలాకాలం పడలేదు. ఆ పని దుబాసీలు చేశారు. రెండు భాషలవాడని అర్థమున్న దుబాసి కూడా ఇంగ్లీషు మాట అయింది.

మన పేరు కూడా వాళ్లకు పోర్చుగీసు నోటినుంచే అందింది. పోర్చుగీసులో జెంటియో అంటే క్రైస్తవుడు, ముస్లిం, యూదుడు కాని అన్యమతస్థుడు. ఇంగ్లీషువాళ్లు దాన్ని జెంటూ చేశారు. దేశమంతటా హిందువుల్ని జెంటూలనేవారు. 1776లో హాల్హెడ్ అచ్చువేసిన హిందూ ధర్మశాస్త్రానికి జెంటూ చట్టాలనే పేరు. మద్రాసులో మాత్రం దాని అర్థం ఇరుకై, జెంటూ అంటే తెలుగువాడు, జెంటూ భాష అంటే తెలుగు అని స్థిరపడింది. 1639లో మద్రాసు నేలను కంపెనీకి ఇచ్చిన దామెర్ల నాయకులు తెలుగువాళ్లు, కోట పక్కన చేరిన వర్తకుల్లో తెలుగువాళ్లు ఎక్కువ. 1816లో క్యాంప్‌బెల్ అచ్చువేసిన వ్యాకరణం పేరులోనే తెలుగు, జెంటూ అని మామూలుగా పిలిచేది, అన్న అర్థం వచ్చే మాటలుంటాయి. ఆ పుస్తకం పీఠికకు రాసిన వివరణలోనే ఎల్లిస్ దొర తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబం భాషలని, సంస్కృతం నుంచి పుట్టినవి కావని మొదటిసారి నిరూపించాడు. మరుసటి ఏడాది వచ్చిన విలియం బ్రౌన్ వ్యాకరణం మకుటంలో తెలుగు మాటే లేదు, జెంటూ ఒక్కటే. ఈయన మన సి.పి. బ్రౌన్ కాదు, వేరే ఆయన.

ఇప్పుడు ఇంగ్లీషులో జెంటూ అంటే పెంగ్విన్. దక్షిణ ధ్రువం వైపు దీవుల్లో ఉండే ఒక రకం పెంగ్విన్‌కు తలమీద ఒక కంటినుంచి ఇంకో కంటిదాకా తెల్లని పట్టీ ఉంటుంది. అది హిందువుల తలపాగాలా ఉందని నావికులు ఆ పేరు పెట్టారని చెబుతారు. నీళ్లలో పెంగ్విన్లన్నిటిలోకీ వేగంగా ఈదేది అదే. ఆ వేగం చూసి ఒక కంప్యూటర్ వ్యవస్థకు జెంటూ లినక్స్ అని పేరు పెట్టారు. హైదరాబాదులో, అమెరికాలో ఆ వ్యవస్థ మీద పనిచేసే తెలుగు కుర్రవాళ్లు తమ భాష పాత పేరును రోజూ తెర మీద టైపు చేస్తున్నారు. వాళ్లలో ఒక్కరైనా ఈ ప్రసంగం వింటుంటే బాగుండునని నా ఆశ.

గోల్కొండది ఇంకో దారి. ఇంగ్లీషు నిఘంటువులో గోల్కొండ మామూలు నామవాచకం. తరగని సంపద గని అని దాని అర్థం. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక గోల్కొండ ఉంది, నెవాడాలో గనుల దగ్గర పుట్టిన గోల్కొండ ఇంకొకటి ఉంది. 1953లో బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిత్, టోపీలు పెట్టుకుని నల్లకోట్లు వేసుకున్న మగవాళ్లు వానచినుకుల్లా ఆకాశం నిండా ఉన్న బొమ్మ వేసి, దానికి గోల్కొండ అని పేరు ఉంచాడు. అది హ్యూస్టన్‌లో ఉంది. తెలుగువాళ్లు వేలమంది ఉంటున్న ఊరే అది.

గోల్కొండ కోటలో వజ్రాల గని లేదు. అక్కడ ఉన్నది అంగడి, ఏలుబడి. రాళ్లు దొరికింది కృష్ణ ఒడ్డున కొల్లూరులో, ఆ చుట్టుపక్కల. 17వ శతాబ్దంలో ఆ గనిని కళ్లారా చూసిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు, పిల్లలు మన్ను మోసేవారట. ప్రపంచంలో పేరుమోసిన కొన్ని వజ్రాలకు ఇప్పటికీ వేలంపాటల్లో గోల్కొండ వజ్రమనే బిరుదు. కొల్లూరు పేరు ఏ భాషా అరువు తీసుకోలేదు. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగింది. మాటలు ఊరేగేది అమ్మినవాడి చిరునామాతోనే. మన్ను మోసినవాడి ఊరు అందులో ఉండదు.

మోసినవాళ్ల మాట వచ్చింది గనక కూలి గురించి చెప్పాలి. కూలి తెలుగులోనూ తమిళంలోనూ పనికిచ్చే ప్రతిఫలం. కూలి అడగడం హక్కు, కూలి ఎగ్గొట్టడం పాపం. ఇంగ్లీషు కూలీకి మూలం ఈ మాటేనని కొందరు, గుజరాత్‌లోని కోలీ జాతి పేరని కొందరు అంటారు. రెండూ కలిసిపోయి ఉంటాయని పెద్ద నిఘంటువుల అభిప్రాయం. 1834 నుంచి మారిషస్‌కు, 1860లో ట్రూరో ఓడ మీద మద్రాసు నుంచి నేటాల్‌కు, తరవాత ఫిజీకి ఒప్పందాల మీద మనుషుల్ని ఎక్కించి పంపినప్పుడు, ప్రతిఫలం పేరు ఆ మనుషులందరి పేరైంది. దక్షిణాఫ్రికాలో అది తిట్టు. గాంధీని కూడా అక్కడ కూలీ బారిస్టరన్నారు. ఆ ఓడల్లో వెళ్లిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళ డర్బన్‌లో ఆ మాట వింటే వాళ్ల ముఖం ఎలా మారుతుందో, ఇక్కడ రోజూ ఆ మాటను మామూలుగా వాడే మనకు తెలియాలి.

ఇక కోరంగి. కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయ ఒడ్డున, మడ అడవుల పక్కన ఉన్న ఊరు. ఒకప్పుడు పెద్ద రేవు, ఓడలు కట్టే చోటు. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనేవారంటే ఎంతమంది ఆ రేవులో ఓడెక్కారో ఊహించుకోవచ్చు. 1789 డిసెంబరులో అక్కడికి సముద్రం ఎగదన్ని వచ్చింది. మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరును తుడిచిపెట్టాయని చూసినవాళ్లు చెప్పారు. మళ్లీ కట్టుకున్నారు. 1839 నవంబరులో మళ్లీ వచ్చింది. ఆ దెబ్బతో కోరంగి పాత వైభవం పోయింది.

ఆ రోజుల్లో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఉండేవాడు. ఒకప్పుడు ఓడ కెప్టెన్. బంగాళాఖాతంలో గాలివానకు చిక్కి బయటపడ్డ ఓడల దినచర్య పుస్తకాలు తెప్పించుకుని, ఏ గంటకు గాలి ఏ దిక్కునుంచి వీచిందో పటం మీద గుర్తులు పెట్టేవాడు. కోరంగి గాలివానల వివరాలూ సేకరించి రాశాడు. గుర్తులన్నీ కలిపి చూస్తే గాలి తిన్నగా వీచడం లేదు, ఒక నడిమి చుట్టూ తిరుగుతోంది. ఇంగ్లీషులో గేల్, స్టార్మ్, హరికేన్ అని ఎన్ని మాటలున్నా అన్నీ గాలి ఎంత బలంగా ఉందో చెప్పేవే. ఎలా కదులుతుందో చెప్పే మాట ఆయనకు కావలసి వచ్చింది. గ్రీకులో వలయానికి, పాము చుట్టకు వాడే మాట తీసుకుని సైక్లోన్ అని తయారుచేశాడు. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో దాన్ని ప్రపంచం ముందు పెట్టాడు. అచ్చమైన గ్రీకు వేషంలో ఉన్నా ఆ మాట బంగాళాఖాతంలో పుట్టింది. కోరంగిలో మునిగిపోయినవాళ్ల ప్రాణాలు కూడా అందులో ఉన్నాయి.

మనం వాడే తుఫాను అరబ్బీ, పారసీల నుంచి వచ్చింది. అదే మాట పోర్చుగీసు నోట్లో పడి, చీనా తీరం మాటతో కలిసి ఇంగ్లీషులో టైఫూన్ అయింది. కానీ గాలికంటే ఎక్కువమందిని చంపేది నీరు. సముద్రం లేచి ఊళ్ల మీదికి వచ్చేదానికి మనకు ఒకే ఒక్క మాట ఉంది, ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదాన్ని తుఫాను అనేవాళ్లకంటే ఉప్పెన అనేవాళ్లే ఎక్కువ. పిడింగ్టన్ ఉప్పెనను తుఫాను అల అని రెండు మాటల్లో రాసుకున్నాడు. ఇవాళ్టి వాతావరణ శాస్త్రజ్ఞులూ ఇంగ్లీషులో రెండు మాటలతోనే సరిపెట్టుకుంటున్నారు. పందికొక్కును తీసుకున్నవాళ్లు ఉప్పెనను తీసుకోలేదు. జపాన్‌వాళ్ల సునామీని ప్రపంచమంతా తీసుకుందిగదా, ఇది మాత్రం ఎందుకు వెళ్లలేదని నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ మాట తెలిసినవాళ్లు కెరటాల కింద ఉన్నారు. రాసేవాళ్లు కలకత్తాలో ఉన్నారు.

ఇక్కడొక హెచ్చరిక కూడా చేయాలి. ఫోన్లలో తిరిగే జాబితాలు మీకూ వచ్చే ఉంటాయి. ఇంగ్లీషులో సగం మాటలు తెలుగువేనని రాస్తారు. రెండు మాటలు వినడానికి ఒకేలా ఉంటే చుట్టరికం కలిపేస్తారు. ప్రేమతో చేసే పనే అయినా తప్పు తప్పే. మస్లిన్ మచిలీపట్నం పేరని చాలామంది నమ్ముతారు. గ్రీకు నావికుడొకడు 1వ శతాబ్దంలో రాసిన పుస్తకంలో మసాలియా అనే మన తీరం దగ్గర పలుచని గుడ్డలు విరివిగా దొరుకుతాయని ఉన్న మాట నిజం. కానీ మస్లిన్ అనే పేరు ఇరాక్‌లోని మోసుల్ నగరం నుంచి ఇటలీ వర్తకుల మీదుగా వెళ్లింది. గుడ్డ ఘనత మనకుంది, పేరు వాళ్లది. కంగారూ అంటే నాకు తెలియదు అని అర్థమనే కథ కూడా ఇలాంటిదే. 1770లో కుక్ దొర మనుషులు విన్నది అక్కడి గూగు యిమిదిర్ భాషలో ఒక రకం కంగారూకున్న అసలు పేరే. ఆ భాష నేర్చుకున్న పరిశోధకులు 1970ల్లో దాన్ని తేల్చారు. మాట పుట్టుపూర్వోత్తరాలకు సాక్ష్యం కావాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ రాశారో చూపించాలి.

ఆ సాక్ష్యాన్ని ఇంగ్లీషువాళ్లు ఎలా కూడబెట్టారో చెప్పి ముగిస్తాను. 1857లో లండన్‌లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆలోచన, 1879లో జేమ్స్ మర్రే సంపాదకుడయ్యాక ఊపందుకుంది. దేశదేశాల పాఠకుల్ని పుస్తకాలు చదివి చీటీలు రాసి పంపమన్నారు. కాశీలో సంస్కృతం చెప్పిన అమెరికన్ పండితుడు ఫిట్జెడ్వర్డ్ హాల్ ఏళ్ల తరబడి రోజూ ఆ పని చేశాడు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన బర్నెల్, కల్నల్ యూల్ కలిసి మన దేశపు మాటలకు వేరే కోశం కట్టారు. పీర్ల పండుగలో హసన్, హుసేన్ అంటూ గుండెలు బాదుకునే కేకలను తెల్ల సిపాయిలు హాబ్సన్ జాబ్సన్ అని వంకరగా పలికేవారు. ఆ పేరే పుస్తకానికి పెట్టారు. బర్నెల్ 1882లో పోయాడు, పుస్తకం 1886లో వచ్చింది. అచ్చవుతుండగానే దాని పుటలు మర్రేకు అందాయి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1928లో పూర్తయింది. పందికొక్కు కథ నేనింత ధైర్యంగా చెప్పగలిగానంటే ఆ చీటీల పుణ్యమే.

మనకు సి.పి. బ్రౌన్ 1854లోనే తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు వేరే నిఘంటువు అచ్చువేశాడు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టి, తరవాత చేనేత మాటలు కూడా సేకరించి ఇచ్చారు. అవి మహోపకారాలు. అయినా మనం రోజూ తెరిచే నిఘంటువులు అర్థం చెబుతాయిగాని తేదీ చెప్పవు. దర్జీ కొట్టులో కూర్చోండి. బొత్తాం పోర్చుగీసు, అది పట్టే కాజా పోర్చుగీసు, కుట్టాక వేసే ఇస్త్రీ పోర్చుగీసు. ఇవి తెలుగు రాతలో మొదట ఏ ఏట, ఏ ఊళ్లో కనిపించాయి? సాక్ష్యాలు మెకంజీ కైఫీయతుల్లో ఉన్నాయి, ఏనుగుల వీరాస్వామిగారి కాశీయాత్రలో ఉన్నాయి, పాత దస్తావేజుల్లో ఉన్నాయి. మీ అటక మీద తాతలనాటి జమాఖర్చు పుస్తకమో, ఉత్తరాల కట్టో, వీలునామానో ఉంటే చెదలు పట్టకముందే దించండి. అందులో పరాయి మాట కనబడితే ఒక చీటీ తీసుకుని పైన ఆ మాట రాయండి. దాని కింద ఆ వాక్యం మొత్తం రాయండి, ఉన్నది ఉన్నట్టు, తప్పులు దిద్దకుండా. అడుగున తేదీ, ఊరు, రాసినవారి వృత్తి రాసి, మీకు దగ్గర్లో ఉన్న విశ్వవిద్యాలయం తెలుగు శాఖకు పంపండి. కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి జతచేస్తే ఇంకా మంచిది.